కుర్చీని తలక్రిందు చేసి చదువుడు

ఈ ఆదివారపు సంచికకై సంపాదకులు నాకు అప్పగించిన విషయము విశాలమైనది: గత శతాబ్ది నడిమి దశకములందు స్కాండినేవియా దేశములలో నిర్మింపబడిన కుర్చీని చూచి, దాని నిర్మాత యెవరో, నమూనా యేదో, కర్ర యెట్టిదో నిర్ణయించుట యెట్లు? గడువు స్వల్పము, కుర్చీలు అసంఖ్యాకములు. కావున వానిలో నా మనస్సును గట్టిగా పట్టుకొనిన ఒక్క కుర్చీని, అందును దాని వెన్నులోని ఒక్క అతుకును ఆధారముగా గొని, తక్కినదంతయు చెప్పదలచితిని.

ఆ కుర్చీ డెన్మార్కు శిల్పి హాన్స్ వెగ్నర్ 1949లో రూపొందించిన ‘రౌండ్ చెయిర్’. దీనికి వెన్నుపట్టెయు చేతులును వేరువేరు కావు. మూడు ఘనమైన కర్రముక్కలను చెక్కి, కలిపి, కూర్చున్నవాని వీపును మోచేతులను ఒక్క వంపులో చుట్టివచ్చునట్లు చేసిన అర్ధవలయమది. ఆ ముక్కలు కలియు చోటే దీని జన్మపత్రిక. ఆ యేట కోపెన్‌హేగన్ వడ్రంగుల సంఘపు వార్షిక ప్రదర్శనమునకు వచ్చిన తొలిరూపమున, ముక్కల కూడలి తనకు కంటికింపుగా తోపకపోవుటచే, వెగ్నర్ నడిమిపట్టెకు పేము చుట్టించి దానిని కప్పివేసెను. మరుసటి యేడు ఆ చుట్టును తొలగించి, పైకి క్రిందికి కోణములు తిరుగుచు ఒకదానిలోనొకటి చొచ్చుకొనిపోవు క్రొత్త అతుకును కల్పించి, దానిని సర్వులును చూచునట్లు బయలుపరచెను. దాచదగినదని తలచిన దానినే అలంకారముగా మార్చిన ఈ నిర్ణయమును, ఆ యుగపు దారుశిల్పమునందలి ఉత్తమ నిర్ణయములలో నొకటిగా నేను భావింతును. వెన్నున పేముచుట్టు ఉన్నచో తొలిరూపమనియు, కోణాల అతుకు తేటగా కనబడుచున్నచో తరువాతి రూపమనియు పరీక్షకుడు మొదటి చూపులోనే తెలిసికొనగలడు.

పిమ్మట కుర్చీని తలక్రిందు చేయవలయును. ఆసనపు చట్రమునందు కర్రలోనికి కాల్చి వేసిన ముద్ర, తొలుత ఈ కుర్చీని నిర్మించిన యోహన్నెస్ హాన్సెన్ పేరును కోపెన్‌హేగన్ నగరనామముతో సహా చెప్పును. నమూనా సంఖ్యలలో 501 పేము అల్లిన ఆసనమునకును, 503 తోలు కప్పిన ఆసనమునకును చెందును. సంఖ్యకు ముందున్న అక్షరములు ‘జేహెచ్’ అయినచో హాన్సెన్ కార్యశాల. ‘పీపీ’ అయినచో, హాన్సెన్ కార్యశాల మూతపడిన పిమ్మట ఈ కుర్చీ నిర్మాణమును స్వీకరించిన పీపీ మోబ్లర్ సంస్థ. ఒకే శిల్పి, ఒకే రూపము, ఒకే సంఖ్య. అయినను కాలము వేరు, చేయి వేరు.

అయినను కేవలము ముద్రను నమ్ముటకు నా మనస్సు ఒప్పదు. ఇనుప అచ్చును ఎవడైనను పోతపోయించుకొనగలడు. కాగితపు చీటిని ఒక కుర్చీనుండి ఊడదీసి మరియొక కుర్చీకి అంటించుట మరింత సులభము. వంపు తిరుగుచున్న ఘనదారువులో సందు లేకుండ కోణములు కలియు అతుకును నిర్మించుటకో, ఏండ్ల అభ్యాసము వలయును. ముద్ర సాక్ష్యము మాత్రమే, అతుకు ప్రమాణము. రెండును ఏకీభవించినపుడే పేరు పలుకవలయును. విక్రేతలు ధారాళముగా వాడు ‘డేనిష్ తరహా’ అను మాట ఏ పేరును పలుకదు. ఆ మాటకు అధికమూల్యము చెల్లింపవలసిన పనియు లేదు.

చరిత్రను సంక్షేపముగా చెప్పెదను. 1924లో కోర్ క్లింట్ కోపెన్‌హేగన్ రాయల్ కళాపరిషత్తున ఉపకరణశిల్ప బోధన ప్రారంభించెను. 1927 మొదలు 1966 వరకు ఏటేట జరిగిన వడ్రంగుల ప్రదర్శనములు శిల్పులను పనివారితో జతపరచెను. 1960 సెప్టెంబరు 26న చికాగోలో అమెరికా అధ్యక్షపదవి అభ్యర్థులు కెన్నెడీ, నిక్సన్‌లు దూరదర్శన వాదమునకు వచ్చినపుడు వారికి వేసినవి ఈ రౌండ్ కుర్చీలే యగుటచే, దీని ఖ్యాతి అమెరికా అంతట వ్యాపించెను.

కర్రను గుర్తించుట

మన ద్వారబంధములందు టేకును ఎరిగిన తెలుగు పాఠకునకు ఇచట సగము విద్య ముందే కలదు. డెన్మార్కువారు వాడినదియు ఆ జాతి వృక్షమే. టేకు అడ్డుకోతలో పెద్ద రంధ్రములు వలయముగా తీరియుండును, చేవ బంగారుగోధుమ వన్నెతో చేతికి నూనెజిడ్డుగా తగులును. ఓక్ కర్రలో వెడల్పైన కిరణరేఖలు మెరయును. బీచ్ కర్రపై చిన్న చిన్న గోధుమ చుక్కలు కానవచ్చును. దానికి టేకువన్నె పూసిన సందర్భములు గలవు గనుక, రంగు చేరని మూలలను చూడవలయును. నల్లని చారల రోజ్‌వుడ్ మన జిట్రేగికి దాయాది; అందు బ్రెజిల్ జాతి యొక్క అంతర్జాతీయ వాణిజ్యము 1992 నుండి కఠిననిషేధమునకు లోబడినది గావున, అట్టి కుర్చీని దేశము దాటించుటకు ముందు అనుమతిపత్రములు విచారింపవలయును.

మరికొన్ని ముద్రలు

వడ్రంగి నీల్స్ వోడర్ కాల్చిన ముద్రలో తన పేరుతోపాటు శిల్పి ఫిన్ యూల్ పేరును కనబడుట కలదు. ఫ్రాన్స్ అండ్ దావెర్కోసెన్ సంస్థ 1957లో ఫ్రాన్స్ అండ్ సన్‌గా మారెను. కావున పాత పేరున్న కుర్చీ ఆ మార్పునకు పూర్వపుదని ఊహింపవచ్చును. వెగ్నరుదే యైన సీహెచ్ 24 నమూనాను కార్ల్ హాన్సెన్ సంస్థ 1950 నుండి నిర్మించుచున్నది. దాని ఆసనమునకు సుమారు 120 మీటర్ల కాగితపు త్రాడు పట్టును.

కొనువారికి నా మనవి యొక్కటే: తలక్రిందు చేసి చూడనీయని కుర్చీకి సొమ్ము చెల్లింపకుడు. ఇట్టి కుర్చీ ఇదివరకే ఇంట నున్నవారు, మెరుగు పెట్టించునపుడు ఆసనపు అడుగుభాగమును గీకనీయకుడు. అచటి ముద్ర ఒకసారి చెరిగినచో, ఆ పనివాని పేరు ఆ కుర్చీకి మరల రాదు.