రెండేళ్ల మందు ఎందుకు?

మా బాబాయి రైతు. ఏడేళ్ల చెల్లికి లుకేమియా, అంటే రక్త క్యాన్సరు అని తేలితే, ఉక్కు ఫ్యాక్టరీ దగ్గర అగనంపూడి క్యాన్సర్ ఆస్పత్రికి నేనే తోడు వెళ్లాను. నెల తిరిగేసరికి పరీక్షలో ఆ కణాలు కనబడలేదు. "నయమైపోయింది గదరా, ఇంక చాలు" అన్నాడు బాబాయి. జుట్టు రాలిపోయిన పిల్లను చూస్తే ఆయనకు మందే జబ్బులా తోచేది. డాక్టరుగారు మాత్రం రెండేళ్లకు పైగా వాడాలన్నారు.

ఎందుకు? మైక్రోస్కోపుకు అందని కణాలు ఎముకల మజ్జలో మిగిలి ఉంటాయి. 1948లో బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ అమినాప్టెరిన్‌తో పిల్లల్లో ఈ జబ్బును తగ్గించగలిగాడు గాని, కొన్నాళ్లకే తిరగబెట్టింది. ఆ మందు వెనుక ఉన్నది భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు! నేడు దాని సోదర ఔషధం మెథోట్రెక్సేట్, పెరటి బిళ్లగన్నేరు నుంచి శుద్ధిచేసి తీసే విన్‌క్రిస్టిన్ వంటి కొన్ని మందులు కలిపి, ఏళ్ల తరబడి వాడతారు.

"కలుపు తీసిన చేలో మళ్లీ ఎందుకు మొలుస్తుంది బాబాయ్?" అనడిగాను.

"మట్టిలో విత్తనం ఉంటాది గదరా" అంటూనే ఆగిపోయాడు.

తర్వాత ఒక్క తేదీ కూడా తప్పలేదు.