ముప్పై రెండు ముక్కల టేబుల్

ఎన్నికల ఫలితాల రోజున టీవీలో ‘మూడో రౌండ్ ముగిసేసరికి’ అంటూ చెబుతుంటారు కదా తల్లీ, ఆ రౌండ్ ఎలా జరుగుతుందో ఎప్పుడైనా గమనించావా? ఒక అసెంబ్లీ నియోజకవర్గానికి మామూలుగా 14 బల్లలు వేస్తారు. ఒక్కో బల్ల మీదికి ఒక్కో పోలింగ్ కేంద్రం యంత్రం వస్తుంది. అన్ని బల్లల దగ్గరా ఒకేసారి లెక్క మొదలవుతుంది. రిటర్నింగ్ అధికారి ఓట్లు లెక్కపెడుతూ కూర్చోడు, బల్లల నుంచి వచ్చిన అంకెలు కూడిస్తాడు. ఒక్క బల్ల ఆలస్యమైనా సరే, ఆ రౌండ్ ముగియదు.

నువ్వడిగిన డిస్ట్రిబ్యూటెడ్ టేబుల్ వ్యవహారమూ ఇలాంటిదే. ఒక్క సర్వర్ మొయ్యలేని టేబుల్‌ని ముక్కలు చేసి కొన్ని సర్వర్లలో సర్దుతారు. ప్రశ్న రాగానే అన్నీ ఒకేసారి పనిలోకి దిగుతాయి, ఒకటి మాత్రం జవాబులు కలిపి నీ చేతికిస్తుంది. ఈ ఆలోచన నిన్నా మొన్నటిది కాదు. చాలా ప్రాసెసర్లు కలిసి ఒకే డేటాబేస్‌గా పనిచేసే యంత్రాన్ని టెరాడేటా సంస్థ 1984 నాటికే తయారుచేసింది. ఎవరి మెమరీ, ఎవరి డిస్కు వాళ్లవే, మధ్యన నెట్‌వర్క్ ఒక్కటే ఉంటే చాలునని మైకేల్ స్టోన్‌బ్రేకర్ 1986లో వాదించాడు. ఆయన బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టిన పోస్ట్‌గ్రెస్సే ఇవాళ్టి పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్. దానికి తగిలించే సైటస్ అనే ఎక్స్‌టెన్షన్‌ని పట్టుకుని చెబుతాను. 2016 నుంచి దాని సోర్స్ కోడ్ అందరికీ అందుబాటులో ఉంది.

అమర్చడం పెద్ద కష్టం కాదు. ప్రతి సర్వర్‌లో పోస్ట్‌గ్రెస్, సైటస్ పెట్టి, పోస్ట్‌గ్రెస్ లేచేటప్పుడే సైటస్ కూడా లోడయ్యేలా సెట్టింగ్ మార్చి రీస్టార్ట్ చెయ్యాలి. ఒక సర్వర్ కోఆర్డినేటర్, మిగిలినవి వర్కర్లు. వర్కర్ల చిరునామాలు కోఆర్డినేటర్‌లో నమోదు చేస్తాం. కోఆర్డినేటర్ వర్కర్లతోనూ, వర్కర్లు ఒకదానితో ఒకటీ మాట్లాడుకోగలగాలి. అనుమతుల ఫైల్‌లో ఆ దారి తెరవకపోతే కనెక్షన్ల దగ్గరే ఆగిపోతావు.

ఇక టేబుల్. ‘ఆర్డర్స్’ అనే టేబుల్‌ని మామూలుగానే సృష్టించి, తర్వాత ‘క్రియేట్ డిస్ట్రిబ్యూటెడ్ టేబుల్’ అనే ఫంక్షన్‌కి దాని పేరూ, ఒక కాలమ్ పేరూ ఇస్తావు. అంతే, టేబుల్ 32 ముక్కలవుతుంది. ముక్కని షార్డ్ అంటారు. 32 అన్నది మొదటి నుంచీ ఉండే సెట్టింగ్, కావాలంటే మార్చుకోవచ్చు. వర్కర్‌లోకి వెళ్లి చూస్తే ఒక్కో షార్డూ పేరు చివర ఓ అంకె ఉన్న మామూలు పోస్ట్‌గ్రెస్ టేబులే.

ఏ వరస ఏ ముక్కలోకి వెళ్లాలో ఎవరు చెబుతారు? నువ్విచ్చిన కాలమ్‌లోని విలువని హ్యాష్ ఫంక్షన్ ఒక అంకెగా మారుస్తుంది. అలాంటి అంకెలు మొత్తం 429 కోట్లకు పైచిలుకు. వాటిని 32 సమాన భాగాలు చేస్తే ఒక్కో షార్డ్ వాటాకి 13 కోట్ల 42 లక్షల అంకెలు వస్తాయి. ఒకే విలువకి ఎప్పుడు లెక్కించినా ఒకే అంకె వస్తుంది కనుక వరస ఎక్కడుందో వెతుక్కోనక్కర్లేదు. సర్వర్లు నాలుగే ఉంటే ముక్కలు ముప్పై రెండెందుకు అంటావేమో. రేపు ఎనిమిది సర్వర్లయ్యాయనుకో, ఒక్కో పాత సర్వర్ తన ఎనిమిది షార్డుల్లో నాలుగింటిని కొత్తదానికి పంపేస్తే సరిపోతుంది. వరసలకి మళ్లీ హ్యాష్ కట్టే పని ఉండదు.

ఇక్కడ కాస్త మనసు పెట్టు. ఈ పనిలో తెలివి అంతా ఆ ఒక్క కాలమ్‌ని ఎంచుకోవడంలోనే ఉంది. తేదీని ఇచ్చావనుకో. ఒకే తేదీకి ఒకే హ్యాష్ కాబట్టి ఇవాళ్టి ఆర్డర్లన్నీ ఒకే షార్డ్‌లో పడతాయి. ఒక సర్వర్ ఊపిరి సలపనంత పనిలో ఉంటే మిగిలినవి ఖాళీగా ఉంటాయి. రాష్ట్రం పేరు ఇస్తే విలువలు ఓ ముప్పై నలభై మించవు. పైగా పెద్ద రాష్ట్రం పడిన షార్డ్ లావెక్కుతుంది, కొన్ని షార్డులకి ఏమీ దక్కదు. అదే కస్టమర్ నంబర్ ఇచ్చి చూడు. విలువలు లక్షల్లో ఉంటాయి, ఇంచుమించు సమానంగా పరుచుకుంటాయి. అంతకన్నా పెద్ద లాభం ఇంకోటుంది. ‘పేమెంట్స్’ టేబుల్‌ని కూడా కస్టమర్ నంబర్ మీదే పంచితే, ఒక కస్టమర్ ఆర్డర్లూ చెల్లింపులూ ఒకే సర్వర్‌లో పక్కపక్కనే ఉంటాయి. ఆ నంబర్ మీద రెండింటినీ జాయిన్ చేసే పని ఏ సర్వర్‌కాసర్వర్ తన దగ్గరే ముగించుకుంటుంది, వరసలు నెట్‌వర్క్ మీద ప్రయాణం చెయ్యవు. పంచడం ఎవరైనా పంచుతారు, కలిసి ఉండాల్సినవాటిని విడదీయకుండా పంచడమే అసలు పని.

పిన్‌కోడ్‌ల జాబితా లాంటి చిన్న టేబుళ్లని ముక్కలు చెయ్యరు. వాటి పూర్తి నకలు ప్రతి సర్వర్‌లో ఉంచుతారు. వాటిని రిఫరెన్స్ టేబుళ్లంటారు.

ప్రైమరీ కీ విషయంలో ఒక షరతుంది. పంచిన కాలమ్ అందులో తప్పకుండా ఉండాలి. ఎందుకంటే ఒక షార్డ్ తనలో నకళ్లు లేవని మాత్రమే హామీ ఇవ్వగలదు, పక్క సర్వర్‌లో ఏముందో దానికి తెలియదు.

ఇప్పుడు ప్రశ్నల సంగతి. మొత్తం, లెక్క, గరిష్ఠం, కనిష్ఠం, వీటికి ఇబ్బంది లేదు. సగటు దగ్గర జాగ్రత్త. ఒక సర్వర్‌లో రెండు ఆర్డర్లు, సగటు 500 రూపాయలు. ఇంకోదానిలో ఎనిమిది, సగటు 100. సగటుల సగటు తీస్తే 300 వస్తుంది. అసలు సగటు 1800ని పదితో భాగిస్తే వచ్చే 180. అందుకే వర్కర్లు సగటు పంపవు, మొత్తాన్నీ లెక్కనీ విడివిడిగా పంపుతాయి, భాగహారం కోఆర్డినేటర్ చేస్తుంది. మధ్యగతం అడిగితే ఈ ఉపాయమూ పనిచెయ్యదు. ముక్కల మధ్యగతాల నుంచి మొత్తం మధ్యగతం రాదు, విలువలన్నీ ఒకచోటికి లాగాల్సిందే.

ఎంతమంది వేర్వేరు కస్టమర్లు కొన్నారు అన్న ప్రశ్న నాకు చాలా ఇష్టం. ఒకే మనిషి నాలుగు సర్వర్లలో ఉంటే నాలుగుసార్లు లెక్కలోకి వస్తాడు. కానీ మనం పంచిందే కస్టమర్ నంబర్ మీద! ఒక మనిషి రెండు షార్డుల్లో ఉండే ప్రసక్తే లేదు, కాబట్టి షార్డుల లెక్కలు కూడితే చాలు. వేరే కాలమ్ మీద పంచి ఉంటే మాత్రం జాబితాలన్నీ పోల్చాలి, లేదా అంచనాతో సరిపెట్టుకోవాలి. ఆ అంచనాకి ఫిలిప్ ఫ్లాజొలే బృందం 2007లో హైపర్‌లాగ్‌లాగ్ అనే పద్ధతి చెప్పింది. ఒకటిన్నర కిలోబైట్ల చోటుతో, రెండు శాతం అటూ ఇటూగా, వంద కోట్లకు పైబడిన లెక్కలు కూడా తేలుస్తుంది. ఇంత కొంచెం చోటులో అంత లెక్క ఇమడడం నాకు ఇప్పటికీ అబ్బురమే.

సర్వర్లు పెంచిన కొద్దీ వేగం పెరుగుతూనే ఉంటుందా? ఒక సర్వర్ నూటికి ఒకసారి మాత్రమే నెమ్మదిస్తుందనుకో. ఒక ప్రశ్న అలాంటి నూరు సర్వర్లనీ తట్టాలంటే, వాటిలో కనీసం ఒకటైనా నెమ్మదించే అవకాశం 63 శాతం. గూగుల్‌కి చెందిన జెఫ్ డీన్, లూయిజ్ బరోసో 2013లో వేసి చూపించిన లెక్క ఇది. వెనకబడిన ఆ ఒక్కదాని కోసమే జవాబంతా ఆగుతుంది.

రాతలు ఇంకా సున్నితం. ఒక ట్రాన్సాక్షన్ రెండు సర్వర్లలో మార్పులు చేస్తే, ఒకటి రాసుకుని ఇంకోటి కుప్పకూలితే ఎలా? జిమ్ గ్రే 1978 నాటి తన నోట్సులో వివరించిన రెండు దశల కమిట్ ఇక్కడ ఆదుకుంటుంది. ముందు ‘సిద్ధమేనా’ అని అందరినీ అడిగి, అందరూ సిద్ధమన్నాకే ‘ఖాయం చెయ్యండి’ అనడం. కోఆర్డినేటర్ తన నిర్ణయాన్ని ముందే రాసి ఉంచుకుంటుంది, పడి లేచినా ఆ రాత చూసి మిగిలినవి తేలుస్తుంది. అయితే ఒక వర్కర్‌లో ఖాయమై ఇంకోదానిలో ఇంకా కాని ఆ కాస్త వ్యవధిలో, చదివేవాళ్లకి సగం మార్పే కనబడవచ్చు. డబ్బు లెక్కలు చూసేటప్పుడు ఇది గుర్తుంచుకో.

ఇదంతా చేసి చూడ్డానికి నాలుగు సర్వర్లు అక్కర్లేదు, సైటస్ ఒక్క యంత్రంలోనూ నడుస్తుంది. ఆర్డర్స్ టేబుల్‌ని కస్టమర్ నంబర్ మీద పంచి, మొత్తం అమ్మకాలు అడిగే క్వెరీ ముందు ‘ఎక్స్‌ప్లెయిన్’ అని పెట్టు. ‘టాస్క్ కౌంట్’ దగ్గర 32 కనిపిస్తుంది. తర్వాత అదే క్వెరీకి ఒక కస్టమర్ నంబర్ షరతు చేర్చి మళ్లీ చూడు. ఈసారి 1 ఉంటుంది.