కుందేలు పిల్లకు కడుపు చెడకుండ మేపుట ఎట్లు?

పిల్లల ముచ్చట తీర్చుటకు ఇంట కుందేలును పెంచువారు పల్లెలలోను, పట్టణములలోను కలరు. సంతలో కొని తెచ్చిన పిల్ల రెండు మూడు దినములు చక్కగా గంతులు వేసి, ఆ పిమ్మట నీళ్ల విరేచనములు పట్టుకొని ఒక్క రాత్రిలో చనిపోవుట పలువురు ఎరిగిన సంగతియే. దిష్టి తగిలినదనియో, కుందేలు సుకుమారమైన ప్రాణి అనియో మనము సరిపెట్టుకొందుము. కాని ఇట్టి మరణములలో చాల భాగము మేతలోని పొరపాట్ల వలన కలుగునవే. ముద్దు కొలది పెట్టిన బిస్కెట్టు, అన్నము, బెల్లపు ముక్క దాని పాలిట విషమగుచున్నవి.

కుందేలు కడుపు పనిచేయు తీరు

కుందేలు గడ్డి తినునదే అయినను ఆవు, గేదెల వలె నెమరు వేయదు. దాని చిన్న ప్రేగు, పెద్ద ప్రేగు కలియు చోట అంధనాళమను పెద్ద సంచి కలదు. అందులో కంటికి కానరాని సూక్ష్మజీవులు మేతను పులియబెట్టును. అట్లు తయారైన మెత్తని, జిగురైన పెంటికలను కుందేలు రాత్రివేళనో, వేకువననో తన ఆసనము వద్దనే నోటితో అందుకొని మరల తినును. ఇది రోగము కాదు, చెడ్డ అలవాటును కాదు. మాంసకృత్తులు, బి విటమినులు దానికి లభించు మార్గము. పగలు మనకు కనిపించు గట్టి, గుండ్రని పెంటికలు వేరు.

ఈ ప్రేగులను కదలించునది మేతలోని పీచు. పీచు తగ్గినచో ప్రేగుల కదలిక మందగించును. పిండి పదార్థము, తీపి ఎక్కువైనచో మంచి సూక్ష్మజీవులు తగ్గి, విషమును పుట్టించు క్రిములు పెరుగును. కుందేలు వాంతి చేసుకొనజాలదు. కనుక లోపల చేరిన చెడుగు బయట పడు దారి లేదు.

పాలు మాను వయస్సే గండము

కుందేలు పిల్ల మూడవ వారమున మేత కొరుకుట ప్రారంభించును. తల్లిపాలు త్రాగునంత కాలము దాని కడుపులో ఆమ్లము తక్కువగా ఉండును. హానికర క్రిములను అణచి ఉంచునది పాలే. పాలు మానిన పిమ్మట ఆమ్లము క్రమముగా బలపడును. ఈ రెండింటి నడుమ పిల్లకు రక్షణ తక్కువ. ఆ సమయముననే దానిని తల్లి నుండి వేరుచేసి, బుట్టలో పెట్టి, ఎండలో త్రిప్పి అమ్ముచుందురు. కావున 6 వారములు నిండని పిల్లను కొనవద్దు. 8 వారముల పిల్ల మరింత మేలు. అమ్మువారు ఏమి మేపుచుండిరో అడిగి, అదే మేత కొంత వెంట తెచ్చుకొనుడు.

ఏమి మేపవలెను?

1. ఎండుగడ్డి: రేయింబగళ్లు ఎదుట ఉండవలెను. గరికను గాని, ఇతర మెత్తని పచ్చిగడ్డిని గాని పూతకు రాకముందే కోసి, నీడలో ఆరబెట్టి నిలువ చేయుడు. వరిగడ్డిలో పోషణ తక్కువ, దానినే నమ్ముకొనరాదు. కుందేలు పండ్లు జీవితాంతము పెరుగుచునే ఉండును. అవి అరుగుటకును గడ్డియే ఆధారము.

2. దాణా: కిలో బరువుగల పిల్లకు రోజుకు సుమారు 50 గ్రాములు చాలును. రెండు పూటలుగా పెట్టుడు. బూజు పట్టిన వేరుశనగ పిండి, ముక్కిన దాణా ఎంతమాత్రము వాడరాదు.

3. పచ్చిమేత: లూసర్న్, దశరథ గడ్డి, కొత్తిమీర వంటివి కడిగి, నీరు ఓడ్చి, కొద్దిగా వాడ్చి పెట్టుడు. ఒకసారి ఒక్క రకమునే, గుప్పెడుకు మించక అలవాటు చేయుడు. కోసి కుప్పవేసినందున వేడెక్కిన మేత పనికిరాదు. పిల్లలకు సుబాబుల్ ఆకు, కేబేజీ మేపకుండుటయే క్షేమము. క్యారెట్, పండ్లు మూడు నెలలు నిండువరకు వద్దు.

4. నీరు: బరువైన మట్టి మూకుడులో శుభ్రమైన నీరు ఎల్లప్పుడు ఉంచుడు. నీరు చాలనిచో కుందేలు మేత మానును.

మేత మార్చునపుడు క్రొత్తదానిని మొదట పాతికవంతు, పిమ్మట సగము, ఆపై ముప్పాతికవంతు చొప్పున కలుపుచు, 7 నుండి 10 దినములలో మార్పు పూర్తి చేయవలెను.

కాక్సీడియా వ్యాధి

మేత సరిగా ఉన్నను, మురికి వలన వచ్చు వ్యాధి ఇది. పొట్ట ఉబ్బుట, వెంట్రుకలు గరుకెక్కుట, బరువు తగ్గుట, విరేచనములు దీని లక్షణములు. పెంటికలతో వెలువడిన వ్యాధి బీజములు అంటుకొను శక్తి పొందుటకు ఒకటి రెండు దినములైనను పట్టును. అందుచే గూటిని ప్రతిదినము శుభ్రపరచినచో వ్యాధి చక్రము తెగును. గడ్డిని నేలపై వేయక, గూటి ప్రక్క అల్లికకు కట్టుడు.

జబ్బు చేసినపుడు

పిల్ల చురుకుగా ఉండి, మెత్తని పెంటికలు మాత్రము తోకకు అంటుకొనియున్నచో దాణా, పచ్చిమేత తగ్గించి, ఎండుగడ్డి, నీరు ఇచ్చి చూడుడు. అట్లు గాక నీళ్ల విరేచనములైనను, పూట గడచినను మేత ముట్టకున్నను, పెంటికలు ఆగిపోయినను, ముడుచుకొని కూర్చుండి పండ్లు కొరుకుచున్నను తెల్లవారువరకు వేచియుండరాదు. వెంటనే పశువైద్యునికి చూపవలెను. దారిలో గోనెగుడ్డ కప్పి వెచ్చగా ఉంచుడు; వేసవియైనచో నీడను, గాలిని చూడుడు. పొట్ట డోలు వలె బిగిసియున్నపుడు బలవంతముగా ఏమియు త్రాగించరాదు.

ఇంటిలోని మనుషుల మందులు వేయుట మరియొక ప్రమాదము. ఆమాక్సిసిలిన్, ఆంపిసిలిన్, లింకోమైసిన్ వంటి మందులు నోటి ద్వారా ఇచ్చినచో అంధనాళములోని మంచి సూక్ష్మజీవులు నశించి, కుందేలు చనిపోవచ్చును.

కుందేలు తన బాధను దాచుకొను జంతువు; అరచి చెప్పదు. కావున ప్రతి ఉదయము గూటి క్రింద చూడుడు. పెంటికలు గుండ్రముగా, పొడిగా, సమముగా, సమృద్ధిగా ఉన్నచో కడుపు బాగున్నదని తెలియును. చిన్నవైనను, తగ్గినను ఆ పూటయే జాగ్రత్తపడుడు. ఇంటిలోని పిల్లలకు ఈ పని అప్పగించి నేర్పినచో, బిస్కెట్టు పెట్టిన చేతులే గడ్డి పెట్టుట నేర్చును.