పట్టణపు చెత్త: అగ్నికెంత, పొలమునకెంత?

బెల్లము వండు రైతునకు కొలిమి శాస్త్రమును వేరుగ బోధింప నక్కరలేదు. పచ్చి పిప్పిని పొయ్యిలో వేసినచో పొగయేగాని మంట రాదు; పెనములోని రసము కాగదు. కావుననే పిప్పిని ఎండబెట్టి వాడుదురు. ఈ సంగతిని మరచుటవలన పెద్ద యంత్రములే మూలబడిన ఉదాహరణము మన దేశమున కలదు.

1987వ సంవత్సరమున ఢిల్లీ నగరపు తిమార్‌పూరునందు, దినమునకు 300 టన్నుల చెత్తను కాల్చి 3.75 మెగావాట్ల విద్యుచ్ఛక్తి తీయుటకై డెన్మార్కు దేశపు యంత్రములతో ఒక కర్మాగారము నిర్మింపబడెను. కిలో చెత్తకు సుమారు 1,460 కిలోకేలరీల వేడి యుండునని తలచి యంత్రమును రూపొందించిరి. వచ్చిన చెత్తలో అందు సుమారు సగమే యుండెను. కొలది దినముల పరీక్షతోనే కర్మాగారము మూతపడెను.

లోపమెచ్చట? కిలో నీరు ఆవిరియగుటకు సుమారు 600 కిలోకేలరీలు కావలయును. నూరు కిలోల చెత్తలో 50 కిలోలు నీరైనచో, ఆ నీటిని వెడలగొట్టుటకే 30,000 కిలోకేలరీలు ఖర్చగును. ఐరోపా చెత్తలో కాగితము, అట్ట మెండు. మన చెత్తలో కూరల తొక్కులు, అన్నము మెతుకులు, వీధులూడ్చిన మన్ను మెండు.

నేటి ఇంజనీర్లు కట్టుటకు ముందే కొలిమిని కంప్యూటరునందు లెక్కలతో నిర్మించి చూతురు. కదలెడు ఇనుప చువ్వల చట్రముపై చెత్త మొదట ఆరును. పిదప వాయువులను విడుచును. అవి పైన మండును. తుదకు బొగ్గు కాలి బూడిద మిగులును. ఏ దశ ఎచ్చట ముగియునో, క్రిందనుండియు పైనుండియు ఎంత గాలి ఊదవలెనో ఆ లెక్క తెలుపును. విషవాయువులు నశించుటకు పొగ 850 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో రెండు సెకనులైనను నిలువవలెనని ఐరోపా నిబంధన. తడి చెత్త పడినపుడు ఆ వేడి తగ్గును; చుట్టుపట్ల గ్రామములకు కీడు కలుగును. గాలిని సరిదిద్దవచ్చును గాని, ఏ లెక్కయు తడిని పొడిగా మార్చజాలదు.

కావున సంస్కరణము ఇంటి వాకిటనే మొదలు కావలెను. తడి చెత్త అగ్నికి శత్రువు, భూమికి మిత్రము. 1924–1931 నడుమ ఇందోరునందు ఆల్బర్టు హోవార్డు, పంట వ్యర్థములను పేడతో పొరలు పొరలుగ పేర్చి, తిరుగవేసి, సుమారు మూడు నెలలలో ఎరువుగ మార్చు పద్ధతిని స్థిరపరచెను. పట్టణపు తడి చెత్తకును అట్టిదే మార్గము.

ఇందు మన సంఘములకును పని కలదు. పట్టణపు ఎరువును ఒక్కొక్కరుగా గాక సంఘముగా బేరమాడవలెను. గాజుపెంకులు, ప్లాస్టిక్కు, బ్యాటరీలు కలియని ఎరువునే గైకొందుమని పురపాలక సంఘముతో ఒడంబడిక చేసికొనవలెను. సీసము మున్నగు లోహములకై పరీక్ష జరిపించి, ఆ పత్రము చూచిన పిమ్మటనే సొమ్ము చెల్లింపవలెను. కొనువాడు నిక్కచ్చిగ అడిగిననాడే పట్టణము చెత్తను వేరుచేయుట నేర్చుకొనును.