సగం పిల్లి, సగం మర: కల్పిత జాతిని సృష్టించడం

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
- కల్పిత జాతికి కావలసిన నియమాలను ఏర్పరచగలుగుతారు.
- ఆ నియమాల నుండి పాత్రల స్వభావాన్ని రాబట్టగలుగుతారు.
- మీరు సృష్టించిన పాత్రను గురించి పది వాక్యాలు రాయగలుగుతారు.

1. పరిచయం

కథలు అల్లడం పెద్ద చదువులు చదివినవారి పని అని మీరు అనుకుంటున్నారా? పిల్లలకు అన్నం తినిపిస్తూ కాకి చేత, కుందేలు చేత మాట్లాడించిన ప్రతివారూ ఆ పని చేసినవారే. ఈ పాఠంలో అదే పనిని కొంచెం పద్ధతిగా చేద్దాం. సగం పిల్లి, సగం యంత్రం అయిన ఒక జాతిని ఊహిద్దాం.

రెండు రూపాల కలయిక మనకు కొత్త కాదు. నరసింహావతారం మీకు తెలుసు. మనిషి వల్ల గాని, మృగం వల్ల గాని తనకు చావు రాకూడదని హిరణ్యకశిపుడు వరం పొందాడు. అందుకే సగం మనిషి, సగం సింహం అయిన రూపం అవసరమైంది. ఆ కలయికకు బలమైన కారణం ఉంది. మీ జాతి విషయంలోనూ మొదట ఈ ప్రశ్న వేసుకోండి: ఈ రెండు సగాలు కలవడం వల్ల కథకు ఏం వస్తుంది?

2. రెండు సగాల స్వభావం

'రోబోట్' అనే మాట చెక్ రచయిత కారెల్ చాపెక్ 1920లో ప్రచురించిన ఒక నాటకం ద్వారా ప్రపంచానికి తెలిసింది. చెక్ భాషలో 'రొబోటా' అంటే వెట్టిచాకిరి. అంటే రోబోట్ చెప్పిన పని చేయడానికే పుట్టింది. పిల్లి సంగతి చూడండి. పిలిస్తే ఒకసారి మన వైపు చూసి, మళ్ళీ కళ్ళు మూసుకుంటుంది. తనకు తోచినప్పుడే వస్తుంది.

ఒక సగం చెప్పిన మాట వింటుంది. మరొక సగం వినదు. రెండూ ఒకే ఒంట్లో ఉంటే ఏమవుతుంది? మన కథకు మూలం ఈ పెనుగులాటే.

3. జాతికి నియమాలు

మన జాతికి 'మరపిల్లి' అని పేరు పెడదాం. దాని నియమాలను ముందుగా కాగితం మీద రాసుకోవాలి. యంత్రభాగం పిల్లి స్వభావానికి అతికినట్లు ఉండాలి.

(అ) ఆహారం: మామూలు పిల్లి రోజుకు 12 నుండి 16 గంటలు నిద్రపోతుంది. మరపిల్లి వీపు మీద సూర్యకాంతిని కరెంటుగా మార్చే పలక ఉంది. అది ఎండలో పడుకుంటే బ్యాటరీ నిండుతుంది. ముసురు పట్టిందా, కదలడం కష్టం.

(ఆ) మీసాలు: చీకట్లో ఏ సందులో తన ఒళ్ళు పడుతుందో పిల్లి మీసాలతో తెలుసుకుంటుంది. మరపిల్లి మీసాలు రేడియో తరంగాలను కూడా పట్టుకుంటాయి. అందువల్ల సెల్ టవర్ దగ్గర దానికి నిద్ర పట్టదు.

(ఇ) పుట్టుక: మరపిల్లి మూడు కాళ్ళతో పుడుతుంది. నాలుగోది ఇనుపకాలు. కొత్త కాళ్ళు చేసేవారు లేరు. ఒక ముసలి పిల్లి చనిపోతేనే దాని కాలు ఒక చిన్నపిల్లకు వస్తుంది. పాత యజమాని నడిచిన దారులు ఆ కాలికి గుర్తుంటాయి.

ప్రతి నియమంలోనూ ఒక లోటు ఉండటం గమనించండి. ఏదైనా చేయగల ప్రాణికి ఇబ్బంది ఉండదు. ఇబ్బంది లేనిచోట కథ నడవదు.

4. నియమాల నుండి పాత్రలు

జాతి లక్షణం అందరికీ ఉమ్మడి. పాత్ర స్వభావం ఒక్కరిదే. జపాన్ చిత్రకథల్లోని డోరేమాన్ దీనికి మంచి ఉదాహరణ. 1969 చివర మొదలైన ఈ కథల్లో డోరేమాన్ ఒక రోబోట్ పిల్లి. దాని పొట్ట మీది జేబులో లెక్కలేనన్ని వింత పరికరాలు ఉంటాయి. అయినా అది ఎలుకను చూస్తే హడలిపోతుంది. దాని చెవులను ఎలుక కొరికేసింది మరి! జేబు వల్ల అది మనకు ఆశ్చర్యం కలిగిస్తే, భయం వల్ల మనకు దగ్గరవుతుంది.

ఇప్పుడు మన మరపిల్లులు మూడింటిని చూద్దాం. నాలుగు రోజులుగా వాన. అవి ఒకే చూరు కింద ఉన్నాయి.

గౌరి ముసలిది. బ్యాటరీలో మిగిలిన బలాన్ని లెక్కపెట్టుకుని అడుగు వేస్తుంది. ఎవరినీ ఏమీ అడగదు.

సూరీడు పడుచువాడు. వాడిది అమ్మమ్మ కాలు. వాడు చెరువు వైపు వెళ్దామనుకుంటే, కాలు అమ్మమ్మ తిరిగిన పాత ఇంటి వైపు లాగుతుంది. వాడికి కోపం వస్తుంది. ఒక్కొక్క రాత్రి కాలు లాగినట్లే వెళ్ళి, ఆ ఇంటి అరుగు మీద కూర్చుంటాడు.

బొట్టు చిన్నపిల్ల. ఈసారి కాలు దక్కేది దానికే. "నాకు మూడు కాళ్ళు చాలు" అంటుంది. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు అనే రకం అని అందరూ నవ్వుతారు. గౌరి మాత్రం నవ్వదు. నాలుగో కాలు ఎవరి నుండి రావాలో బొట్టుకు తెలుసునని గౌరికి తెలుసు.

బొట్టు మంచిదని గాని, దానికి గౌరి అంటే ప్రేమ అని గాని మనం ఎక్కడా చెప్పలేదు. నియమం (ఇ) ఉండటం వల్ల ఆ ఒక్క మాటతో మీకు అర్థమైంది. పాత్రను గురించి పొగడ్తలు రాయనక్కరలేదు. దానికి ఏం కావాలి, దేనికి భయపడుతుంది, ఏమని మాట్లాడుతుంది అన్న మూడూ తెలిస్తే చాలు.

పాఠ్యగత ప్రశ్నలు

1. 'రొబోటా' అనే మాటకు అర్థం ఏమిటి?
2. వానాకాలం మరపిల్లికి ఎందుకు కష్టం?
3. సూరీడుకు తన కాలి మీద కోపం ఎందుకు? అయినా పాత ఇంటికి ఎందుకు వెళ్తాడని మీరు అనుకుంటున్నారు?

కృత్యం

మీరు రోజూ వాడే పనిముట్టును ఒకదాన్ని తీసుకోండి. అది కుట్టుమిషను కావచ్చు, నీటి మోటారు కావచ్చు. దాన్ని మీకు బాగా తెలిసిన ఒక జంతువుతో కలపండి. ఆ పనిముట్టు ఎప్పుడు మొరాయిస్తుందో మీకు తెలిసినంతగా ఇతరులకు తెలియదు. ఆ లోటునే మొదటి నియమంగా రాసుకోండి. తరువాత ఆ జాతిలోని ఒక ప్రాణిని గురించి పది వాక్యాలు రాయండి.

సారాంశం

కల్పిత జాతికి నియమాలు కావాలి. ఆ నియమాల్లో లోట్లు ఉండాలి. ఒకే లోటును ఒక్కొక్కరు ఒక్కొక్క విధంగా భరిస్తారు. ఆ తేడా నుండే పాత్రలు పుడతాయి.