'దారు' అనే రెండక్షరాలు

భద్రాచలం పేరు వినగానే కంచర్ల గోపన్న జ్ఞప్తికి వస్తాడు. గోల్కొండ కడపటి సుల్తాను అబుల్ హసన్ తానీషా (1672–1687) కాలంలో ఆయన పాల్వంచ తహసీల్దారు. 'తహసీలు' అరబ్బీ పదం. సంపాదించుట, వసూలు చేయుట అని దాని అర్థం. విద్యార్జనను సైతం మన మదర్సాలలో తహసీలనే అంటారు. చివరనున్న 'దారు' మాత్రం ఫార్సీది. కలిగియుండుట, చేతబట్టుట అనే అర్థంగల 'దాష్తన్' నుండి అది పుట్టింది. కనుక తహసీల్దారు అనగా వసూలు బాధ్యతను చేతబట్టినవాడు.

ఇదే తోకగల మాటలెన్నో పాత కాగితాలలో కనిపిస్తాయి. కిల్లేదారు కోటను కాచేవాడు. ఇజారాదారు శిస్తు వసూలును గుత్తకు తీసుకున్నవాడు. చోబుదారు దర్బారులో బెత్తం పట్టి ముందు నడిచేవాడు. ముఠాదారు మన్యంలో కొన్ని గ్రామాల ముఠాపై అధికారం గలవాడు. 1879లో రంప ముఠాదారుల తిరుగుబాటు భద్రాచలం తాలూకాలోని రేకపల్లి వరకు పాకింది. ఇట్టి కచేరీ మాటలకు ఇంగ్లీషు అర్థాలిస్తూ సి.పి. బ్రౌను 1852లో జిల్లా నిఘంటువును, విల్సను 1855లో మరొక పదకోశాన్ని వెలువరించారు.

అయితే అక్షరాలు కలిసినంత మాత్రాన వంశం కలవదు. 'దేవదారు'లోని దారు సంస్కృతం. కొయ్య అని అర్థం. ఫార్సీలో 'దారూ' అంటే మందు. దారుల్ ఉలూమ్, దారుష్షిఫాలలోని 'దార్' అరబ్బీ. ఇల్లు అని అర్థం. ఇల్లు అనే దార్‌ను, పట్టినవాడు అనే దార్‌ను ఉర్దూ లిపిలో ఒకే తీరున వ్రాస్తారు. గుర్తు ఒక్కటే: ఇల్లు మాటకు ముందు నిలుస్తుంది, పట్టినవాడు వెనుక నిలుస్తాడు.

ఇంతకంటె పెద్ద పొరపాటు మరొకటున్నది. ఒకసారి ఒక మసీదు సేవకు ఇచ్చిన భూమి పత్రాన్ని అనువదిస్తూ నేను 'ఇనాందారు'ను 'యజమాని' అని వ్రాశాను. ఒక పెద్దాయన చదివి, "మౌల్వీ సాబ్, ఒక్క మాటతో మసీదు భూమిని అమ్మేశారు కదా!" అన్నారు. నిజమే. యజమాని భూమిని అమ్ముకోగలడు. సేవ నిమిత్తం ఇనాం పట్టినవాడు సేవ చేసి ఫలసాయం అనుభవించవలసిందే గాని అమ్మరాదు. ఆనాడే ఆ మాట దిద్దుకున్నాను.

గోపన్న వృత్తాంతం కూడ ఈ 'దారు' చుట్టూనే తిరుగుతుంది. వసూలైన పైకంతో ఆయన రామాలయం కట్టించాడనీ, సర్కారు సొమ్ముకు లెక్క చెప్పవలసి వచ్చి గోల్కొండ చెరలో పడ్డాడనీ ప్రసిద్ధి. ఆయన భక్తిని శంకించేవారు లేరు. కాని చేతిలోనున్న సొమ్ము, తన సొమ్ము ఒకటి కావు.

1985లో మండలాలు ఏర్పడినపుడు తహసీల్దారు పేరు పోయి మండల రెవెన్యూ అధికారి వచ్చాడు. కొన్నేళ్లకు పాతపేరే మరల వచ్చింది. పేరు ఏదైనా పట్టినది అమానతే. అమానతులను వాటి హక్కుదారులకు అప్పగించమని అన్‌నిసా సూరా 58వ ఆయతు ఆదేశిస్తున్నది. వక్ఫు పత్రం విప్పే ప్రతి ముతవల్లీ, దానిని అనువదించే ప్రతి కలం ఈ రెండక్షరాల వద్ద ఒక్క క్షణం ఆగుట మంచిది.