నిశ్చలమైన నీరు: సీప్లేన్ పైలట్‌కు అసలు పరీక్ష

తెల్లవారుజామున గాలి ఆడని వేళ సరస్సు అద్దంలా ఉంటుంది. గట్టు మీది చెట్లు, పైనున్న మబ్బులు అందులో తలకిందులుగా కనిపిస్తాయి. పడవ నడిపేవారికి ఇంతకంటే మంచి సమయం ఉండదు. అలాంటి నీటి మీద నుంచి విమానాన్ని లేపడం కూడా తేలికేనని సీప్లేన్ నేర్చుకునే విద్యార్థులు మొదట్లో అనుకుంటారు. నిజానికి చిన్నచిన్న అలలున్న నీటి కంటే అలలే లేని నీటి మీద నుంచి లేవడం కష్టం. పైలట్లు దీన్ని 'గ్లాసీ వాటర్' అంటారు. మనం అద్దపు నీరు అనుకోవచ్చు.

అమెరికాలో సీప్లేన్ నడిపే అర్హత కోసం అక్కడి ఫెడరల్ ఏవియేషన్ అడ్మినిస్ట్రేషన్ ప్రమాణాల ప్రకారం జరిగే పరీక్షలో అద్దపు నీటి మీద టేకాఫ్, ల్యాండింగ్ విడి అంశాలుగా ఉన్నాయి. అల్లకల్లోలంగా ఉన్న నీటికి ఎంత ప్రాధాన్యం ఇచ్చారో, కదలిక లేని నీటికీ అంతే ఇచ్చారు. దీనికి రెండు కారణాలున్నాయి. ఒకటి నీటి స్వభావానికి, రెండోది మన కంటికి సంబంధించినది.

నీటి నుంచి విడిపోవడం ఎలా?

ఫ్రాన్స్‌కు చెందిన ఆంరీ ఫాబ్ర్ 1910 మార్చి 28న తొలిసారిగా నీటి మీద నుంచి ఇంజిన్ విమానాన్ని లేపాడు. అప్పటి నుంచీ సీప్లేన్ రూపకర్తల ముందున్న ప్రశ్న ఒక్కటే: గాలి కంటే దాదాపు 800 రెట్లు సాంద్రత ఉన్న నీటి నుంచి విమానాన్ని ఎలా విడిపించాలి?

చిన్న సీప్లేన్లలో చక్రాల స్థానంలో పడవల్లాంటి రెండు ఫ్లోట్లు ఉంటాయి. విమానం గరిష్ఠ బరువును మోయడానికి కావలసిన దానికంటే 80 శాతం అదనపు తేలే శక్తి వీటికి ఉండాలన్నది నిబంధన. ఆగి ఉన్నప్పుడు విమానం బరువంతా వీటి మీదే పడుతుంది. పైలట్ ఇంజిన్ శక్తిని పూర్తిగా పెంచగానే ముక్కు పైకి లేస్తుంది, ఫ్లోట్ల ముందు నీరు గుట్టగా పోగవుతుంది. నీటి నిరోధం ఇక్కడ తారస్థాయికి చేరుతుంది.

ఈ గుట్టను దాటితే ఫ్లోట్లు నీటిని చీల్చుకుంటూ పోవడం మాని, నీటి పైన జారడం మొదలుపెడతాయి. చెరువులోకి పెంకును వాలుగా విసిరితే అది మునగకుండా నీటి మీద గెంతుతూ పోతుంది కదా, ఇదీ అలాంటిదే. ఫ్లోట్ అడుగున, దాదాపు మధ్యలో ఒక మెట్టు ఉంటుంది. వేగం పెరిగాక నీరు ఆ మెట్టు అంచు దగ్గర ఫ్లోట్‌ను వదిలేస్తుంది. దాని వెనక ఉన్న ఖాళీలోకి గాలి చేరుతుంది. దీంతో ఫ్లోట్ వెనక సగం నీటికి తగలకుండా ఉంటుంది. విమానం 'స్టెప్ మీద ఉంది' అని పైలట్లు అనేది ఈ దశనే.

అలలు చేసే సాయం

మెట్టుకు ముందున్న భాగం ఇంకా నీటిని రాసుకుంటూనే ఉంటుంది. నీటి మీద చిన్న అలలుంటే ఆ భాగం ప్రతి అల శిఖరాన్నీ తాకుతూ పోతుంది. అలకూ అలకూ మధ్య పల్లంలో గాలి దూరుతుంది. తడిసే వైశాల్యం తగ్గుతుంది కాబట్టి ఘర్షణ కూడా తగ్గుతుంది.

అద్దపు నీటిలో ఈ పల్లాలు ఉండవు. ఫ్లోట్ అడుగు నీటిని ఎడం లేకుండా అంటుకుని ఉంటుంది. నీరు పట్టుకుని వదలడం లేదని పైలట్లు చెప్పేది ఇందుకే. తడిసిన రెండు గాజు పలకలను ఒకదాని మీద ఒకటి పెట్టి నేరుగా పైకి లాగితే రావు. ఒక అంచును కాస్త ఎత్తి గాలి చొరబడనిస్తే తేలిగ్గా విడిపోతాయి. ఫ్లోట్ విషయంలో భౌతిక వివరాలు వేరైనా, గాలి చొరబడితే విడుదల సులువవుతుందన్న మాట రెండిటికీ వర్తిస్తుంది.

దీనికి తోడు, నీరు అద్దంలా ఉందంటే గాలి వీచడం లేదని అర్థం. ఒక విమానం గంటకు 80 కిలోమీటర్ల వేగంతో గాలిలోకి లేస్తుందనుకుందాం. ఎదురుగాలి గంటకు 20 కిలోమీటర్లు ఉంటే, నీటి మీద 60 కిలోమీటర్ల వేగం అందుకుంటే చాలు. నీటి ఘర్షణ దాదాపుగా వేగం వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. కాబట్టి 60 దగ్గర అది 80 దగ్గర ఉండే దానిలో సుమారు 56 శాతమే. గాలి లేని రోజున ఈ రాయితీ ఉండదు. అలల సాయమూ లేక, ఎదురుగాలి సాయమూ లేక విమానం మామూలు కంటే చాలా ఎక్కువ దూరం పరుగెత్తాల్సి వస్తుంది. సరస్సు చిన్నదైతే అవతలి గట్టు దగ్గరపడుతుంది.

ఒక ఫ్లోట్ ముందు, ఒకటి తర్వాత

ఈ పరిస్థితిలో కొత్త విద్యార్థి సహజంగా చేసే పని కంట్రోల్ స్టిక్‌ను వెనక్కి లాగడం. విమానం లేవడం లేదు కాబట్టి ముక్కును ఇంకాస్త ఎత్తుదామనుకుంటాడు. అప్పుడు ఫ్లోట్ల వెనక భాగం మళ్లీ నీటిలోకి దిగి నిరోధం పెరుగుతుంది, వేగం పడిపోతుంది. ముక్కును మరీ దించినా ఇబ్బందే. విమానం ముందుకూ వెనక్కీ ఊగడం మొదలుపెడుతుంది. నీటి మీద సాఫీగా జారే కోణం ఈ రెంటికీ మధ్య ఉంటుంది. ఆ కోణాన్ని పట్టుకుని ఓపికగా నిలపడం శిక్షకులు ముందుగా నేర్పే పాఠం.

తర్వాతది, ఒక ఫ్లోట్‌ను ముందుగా నీటి నుంచి లేపడం. టేకాఫ్ వేగంలో 80 శాతానికి చేరేసరికి, రెక్కల కోణం అదే అయితే, అవి బరువులో 64 శాతం మోస్తుంటాయి. ఫ్లోట్ల మీద మిగిలిన భారం కొద్దిపాటిదే. విమానాన్ని పట్టి ఉంచేది ప్రధానంగా తడిసిన ఉపరితలపు ఘర్షణే. అప్పుడు పైలట్ రెక్కల చివర ఉండే ఏలరాన్లను కొద్దిగా కదిపి విమానాన్ని ఒక పక్కకు వంచుతాడు. ఒక ఫ్లోట్ గాలిలోకి వస్తుంది, ఘర్షణ బాగా తగ్గుతుంది, విమానం చురుగ్గా వేగం పుంజుకుంటుంది.

అయితే నీటిలో ఉన్న ఫ్లోట్ విమానాన్ని తన వైపు తిప్పడానికి లాగుతుంది. తోక దగ్గరి రడ్డర్‌తో దారిని నిటారుగా ఉంచాలి. రెండో ఫ్లోట్ కూడా విడిపోయిన క్షణంలో నిరోధం ఒక్కసారిగా మాయమవుతుంది. వెంటనే రెక్కలను సమం చేయాలి. కాళ్లూ చేతులూ కలిసి పనిచేయాల్సిన ఈ కొన్ని క్షణాలను విద్యార్థులు పదేపదే సాధన చేస్తారు.

మరో పద్ధతి, అలలను తామే పుట్టించుకోవడం. విమానాన్ని నీటి మీద వలయంగా నడిపి, అలా లేచిన అలల మీదుగా టేకాఫ్ పరుగు తీస్తారు. ఏ పద్ధతి పాటించినా గట్టు మీద ఒక గుర్తును ముందే ఎంచుకోవాలి. ఆ గుర్తు దాటే లోపు విమానం లేవకపోతే ఇంజిన్ శక్తి తగ్గించి ఆగిపోవాలి.

కంటికి ఆధారం లేని చోట

నీటి నుంచి విడిపోయాక కూడా గండం పూర్తిగా గడిచినట్టు కాదు. ఎత్తును అంచనా వేయడానికి కన్ను ఉపరితలం మీది చిన్నచిన్న వివరాలను వాడుకుంటుంది. అలలు, నురగ, తేలే ఆకులు ఎంత పెద్దగా, ఎంత వేగంగా కదులుతూ కనిపిస్తున్నాయన్నదే దానికి కొలత. అద్దపు నీటిలో ఇవేవీ ఉండవు. కనిపించేది ఆకాశపు ప్రతిబింబమే. నీరు పది అడుగుల కింద ఉందో, యాభై అడుగుల కింద ఉందో చూపుతో తేల్చుకోవడం అనుభవజ్ఞులకు కూడా సాధ్యం కాదు.

అందుకే లేచిన వెంటనే ముక్కు కొద్దిగా వాలినా పైలట్ గమనించకపోవచ్చు. తాను పైకి పోతున్నాననుకుంటూనే మళ్లీ నీటిని తాకే ప్రమాదం ఉంది. దీనికి విరుగుడుగా శిక్షణలో ఒక క్రమాన్ని అలవాటు చేస్తారు. పైకెక్కే భంగిమను స్థిరంగా నిలపాలి. ఎత్తు పెరుగుతోందని పరికరాల్లో చూసి నిర్ధారించుకోవాలి. తగినంత ఎత్తు వచ్చే వరకు మలుపు తిప్పకూడదు. వీలైతే గట్టుకు సమాంతరంగా, అది పక్కచూపులో కనిపించేలా పరుగు తీయాలి.

దిగేటప్పుడూ సూత్రం ఇదే. నీరు దగ్గరకొచ్చిందని కంటితో అంచనా వేసి విమానాన్ని నిలబెట్టే ప్రయత్నం చేయరు. నిమిషానికి సుమారు 150 అడుగులు, అంటే 45 మీటర్ల చొప్పున మెల్లగా దిగేలా విమానాన్ని అమర్చి, నీరు తగిలే వరకు అదే భంగిమలో ఉంచుతారు.

అలల మీద అద్దపు నీటి పాఠం

సీప్లేన్ శిక్షణకు పేరుపొందిన ఫ్లోరిడాలోని వింటర్ హేవెన్ చుట్టూ ఎన్నో సరస్సులున్నాయి. అక్కడైనా పాఠం జరిగే రోజున నీరు అద్దంలా ఉంటుందన్న హామీ లేదు. పరీక్ష రోజున అలలుంటే, అద్దపు నీరు ఉన్నట్టుగా భావించి చేసి చూపించవచ్చని నిబంధనలే చెబుతున్నాయి.

ఇక్కడే ఒక చిక్కుంది. అలలున్న నీటి మీద ఫ్లోట్ తేలిగ్గా లేస్తుంది, ఎత్తు కంటికి తెలుస్తూనే ఉంటుంది. పద్ధతిని సరిగ్గా పాటించకపోయినా పని జరిగిపోతుంది. ఆ లోపం బయటపడేది, ఎప్పుడో ఒక ప్రశాంతమైన ఉదయం పైలట్ ఒంటరిగా బయలుదేరినప్పుడు. అందుకే విమానం లేచిందా లేదా అని కాక, విద్యార్థి పరికరాలను చూశాడా, భంగిమను నిలిపాడా, ఆగాల్సిన గుర్తును ముందే ఎంచుకున్నాడా అని చూడటమే మంచి శిక్షకుడి పని.

దక్షిణాసియాలో ఈ పాఠం అవసరం పెరుగుతోంది. మాల్దీవుల్లో దీవుల మధ్య ప్రయాణికులను సీప్లేన్లు చాలాకాలంగా చేరవేస్తున్నాయి. గుజరాత్‌లో 2020 అక్టోబరు 31న అహ్మదాబాద్‌లోని సబర్మతి తీరం నుంచి కేవడియాకు సీప్లేన్ సర్వీసును ప్రారంభించారు. 2024 నవంబరు 9న విజయవాడలోని పున్నమి ఘాట్ నుంచి శ్రీశైలానికి ట్విన్ ఆటర్ సీప్లేన్ ప్రదర్శన ప్రయాణం చేసింది. రెండు ఇంజిన్లున్న ట్విన్ ఆటర్‌కు శిక్షణలో వాడే చిన్న విమానాల కంటే శక్తి ఎక్కువే. కానీ నీటి ఘర్షణ, కంటి పరిమితి దానికీ వర్తిస్తాయి. కొండల మధ్య ఉన్న జలాశయాల్లో గాలి కదలని ఉదయాలు ఉంటాయి. గట్టున నిలబడి చూసేవారికి నీరు అందంగా కనిపించే ఆ గంటలోనే, కాక్‌పిట్‌లో ఉన్నవారు నీటిని కాక పరికరాలను చూస్తూ లేవాల్సి ఉంటుంది.